ఇనుము మిగిలింది

గోదావరి జిల్లాలో కాటన్ దొర గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఊరూరా ఆయన బొమ్మ ఉంది. కొన్నిచోట్ల గుర్రం మీద, కొన్నిచోట్ల భుజాల దాకా. ఏటా మే 15న పుట్టినరోజని రైతులు దండలేస్తారు, పెద్దలు ఉపన్యాసాలిస్తారు. అపర భగీరథుడంటారు. గోదావరి స్నానం చేస్తూ సంకల్పంలో ఆయన పేరు కలుపుకున్న బ్రాహ్మలున్నారని కూడా చెప్పుకుంటారు. మా మాదిగపేటలో ఆయన్ని భగీరథుడని పిలవగా నేనెప్పుడూ వినలేదు. మా మామ్మ "కాటను దొరగారు" అనేది. "దొరగారు గీత గీశారు. మనోళ్లు తవ్వేరు" అనేది. ఆనకట్ట చరిత్రలో నేను విన్న మొదటి పాఠం అదే. తర్వాత కాలేజీలో చరిత్ర చదివాను. ముప్ఫై ఏళ్లు బడిపిల్లలకి సోషలు చెప్పాను. నేను చెప్పిన పాఠాల్లో మామ్మ అన్న మొదటి మాట ఉండేది, రెండో మాట ఉండేది కాదు. దాన్ని నేనే నోటితో కలుపుకుని చెప్పేవాణ్ణి.

పోయిన సంక్రాంతి సెలవులకి మా అమ్మాయి పిల్లలిద్దరూ హైదరాబాదు నుంచి వచ్చారు. మనవరాలు ఏడో క్లాసు, మనవడు నాలుగు. చూసిన మ్యూజియం గురించి నాలుగు పేజీలు రాసుకురమ్మని మనవరాలికి బళ్లో చెప్పారట. అది సాలార్‌జంగ్ మ్యూజియం గురించి రాసేద్దామనుకుంటోంది. అక్కడి గడియారం గురించి మీ క్లాసులో సగంమంది రాస్తారు, మనవైపు మ్యూజియం చూపిస్తాను పదమన్నాను. మా తమ్ముడి మనవడు కూడా వెంటబడ్డాడు. వాడు ఊళ్లోనే పెరిగినవాడు, కాలవలో ఈత నేర్చినవాడు. ముగ్గుర్నీ తీసుకుని బస్సులో రాజమండ్రి, అక్కణ్ణించి ఆటోలో ధవళేశ్వరం వెళ్లాం.

ఆనకట్ట కట్టిన ఊళ్లోనే కాటన్ పేరుతో ఆ మ్యూజియం ఉంది. వంద దాకా పటాలు, ఆనకట్ట కట్టిన రోజుల నాటి యంత్రాలూ పనిముట్లూ ఓ పదిహేను. పెద్దవాళ్లు పటాల దగ్గర ఆగుతారు. పిల్లలు ఇనుము దగ్గరికి పరుగెడతారు. మా మనవడు ఆ ఇనుము బరువెంత అని అడిగాడు. తమ్ముడి మనవడికి పాత సామాన్ల బండివాడి బేరం తెలుసు, కాబట్టి వాడు ఎంతొస్తుందని అడిగాడు. మనవరాలు నోటుపుస్తకం తెరిచి పట్టుకుని, "తాతయ్యా, వీటితో ఎవరు పనిచేశారు?" అంది.

"కూలీలు, కమ్మర్లు, వడ్రంగులు" అన్నాను.

"అది కాదు తాతయ్యా. పేర్లు."

పేర్లంటే చెప్పడానికి నాలుగున్నాయి. ఆర్థర్ కాటన్. ఆయన జబ్బు చేసి 1848లో ఆస్ట్రేలియా వైపు వెళితే పని ఆగకుండా నడిపించిన కెప్టెన్ ఆర్. గన్నవరం దగ్గర వైనతేయ మీద 49 కమానుల అక్విడక్టు కట్టిన హేగ్. మనవాళ్లలో వీణం వీరన్న గారు. వీరన్న గారు బ్రాహ్మడు, ఓవర్సీరు. మన్యం గాలికీ జ్వరాలకీ జడిసి కూలీలు రాకపోతే ఊళ్లు తిరిగి, నచ్చజెప్పి పోగుచేసుకొచ్చింది ఆయనేనంటారు. ఆయన గొప్పతనాన్ని నేను తక్కువ చెయ్యను. ఆయన పోగుచేసుకొచ్చినవాళ్ల సంగతే మా మనవరాలు అడిగింది.

1847లో పని మొదలైనప్పుడు పదివేలమంది కూలీలు, ఐదువందలమంది వడ్రంగులు, ఐదువందలమంది కమ్మర్లు ఉన్నారని చరిత్రలో రాసి ఉంది. 1852కి ఆనకట్ట పూర్తయింది. ఐదేళ్లలో ఒకే పదివేలమంది ఉండరు. వచ్చేవాళ్లు వస్తారు, పోయేవాళ్లు పోతారు. జబ్బు చేసిన కాటన్ ఎక్కడికి వెళ్లాడో, ఎప్పుడు తిరిగొచ్చాడో అందరికీ తెలుసు. 1850లో తిరిగొచ్చాడు. ఇసకలో నిలబడి జ్వరం తెచ్చుకున్న కూలీకి ఆస్ట్రేలియా లేదు. గుడిసే, గుడిసె పక్కన ఇసకే.

అసలు అంతమంది కూలికి ఎందుకొచ్చారో చెప్పకుండా ఆనకట్ట గురించి చెప్పలేం. 1832-33లో నందన కరువొచ్చింది. డొక్కల కరువని పేరు. 1839లో కోరంగి మీద ఉప్పెనొచ్చి పడింది. ఈ దెబ్బలన్నీ తిన్న రాజమండ్రి జిల్లా ఎందుకిలా పాడైపోయిందో చూసిరమ్మని కంపెనీవాళ్లు హెన్రీ మాంట్‌గోమరీని పంపితే, 1844లో ఆయన రిపోర్టు రాశాడు. 1821లో జిల్లా జనాభా 7,38,308. 1841లో 5,61,041. మనవరాలికి ఈ రెండంకెలూ చెప్పాను. అక్కడే నిలబడి తీసివేసింది. 1,77,267.

"ఇంతమందీ చచ్చిపోయారా?"

కొందరు చచ్చిపోయారు, కొందరు వలసపోయారు అన్నాను. ఆ రోజుల్లోనే కోరంగి రేవు నుంచి మారిషస్ చెరుకుతోటలకి మనుషుల్ని ఓడలెక్కించారు. అక్కడ తెలుగువాళ్లని 'కోరంగులు' అనేవారు. మనిషికి ఊరి పేరు కూడా కాదు, ఎక్కిన రేవు పేరు పెట్టారు. ఇంట్లో పాతరలో గింజలున్నవాడు కరువుకి ఆగాడు. ఏ రోజు కూలి ఆ రోజు గంజి అయినవాడు ఆగలేదు. మిగిలినవాడు ఆనకట్ట పనికొచ్చాడు. భగీరథుడి కోసం రాలేదు, బువ్వ కోసం వచ్చాడు. మా మామ్మకి వాళ్ల మామ్మ చెప్పిందట, ధవళేశ్వరంలో కూలి డబ్బు చేతికిచ్చేవారని. ఊళ్లో జీతమంటే కొలిచిన ధాన్యం, అదీ కామందు చేతికి మనసొచ్చినప్పుడు. డబ్బు చేతిలో పడ్డం కొత్త. ఆవిడ చెప్పిన ఆనకట్ట కథలో కాటన్ కంటే ఆ డబ్బే ముందొచ్చేది.

ఇక పని. గోదావరి అడుగున రాయి తగలదు, ఎంత తవ్వినా ఇసకే. ఇసక మీద ఆనకట్ట నిలబెట్టే కిటుకు కాటన్‌కి ఇంగ్లాండులో రాలేదు. కావేరి మీద చోళుల నాటి కల్లణైని చూసి, దాన్ని బాగుచేస్తూ నేర్చుకున్నాడు. ఆ మాట ఆయనే దాచుకోకుండా ఒప్పుకున్నాడు. అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. మన పెద్దలకి ఆపాటి నిజాయితీ ఉన్నా బాగుణ్ణు. ధవళేశ్వరం కొండ పగలగొట్టి, పట్టాలేసి, రాయిని బళ్ల మీద నదికి తోలారు. అక్కణ్ణించి పడవల మీద. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయల మీద నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు. రాయి కొట్టడం వడ్డెరల పని. మట్టి పని ఉప్పర్లది. తక్కిన మోతంతా మాలమాదిగలది, పొట్ట చేతబట్టుకొచ్చిన ప్రతివాడిదీ. మట్టిపని అంటే మగాడు తవ్వి ఎత్తడం, ఆడమనిషి మొయ్యడం. నెత్తిన చుట్టకుదురు, దానిమీద తట్ట. గోదావరి డెల్టా కాలవలు వందల మైళ్లు. అదంతా ఒకప్పుడు తట్టలో మట్టి.

మ్యూజియంలో ఇనుము ఉంది. ఇనుమెందుకు ఉందంటే అది ఉండగలదు కాబట్టి. వెదురుతట్ట రెండు వర్షాలకి పోతుంది. చుట్టకుదురు పాతగుడ్డ. చెయ్యి మట్టిలో కలుస్తుంది. మ్యూజియాన్ని అని లాభం లేదు, మిగిలినదాన్నే ఎవరైనా దాచగలరు. ఏది మిగులుతుందన్నదే అసలు సంగతి. దొర వాడిన కాగితం మిగిలింది, ఆఫీసు మిగిలింది, యంత్రం మిగిలింది. మనం వాడిందంతా కుళ్లిపోయేదే.

తోలు కూడా కుళ్లిపోయేదే. మా తాతది తోలుపని. పేట చివర లందగుంట ఉండేది. చచ్చిన గొడ్డుని మోసుకొచ్చి, ఒలిచి, సున్నంలో వేసి బొచ్చు రాల్చి, తంగేడు చెక్క కషాయంలో రోజుల తరబడి నానబెట్టి, తొక్కి, ఎండబెట్టి, నూనె పట్టించేవాడు. చెప్పులు, ఎద్దుల మెడపట్టీలు, చర్నాకోలలు, డప్పులు. మెరక ఊళ్లకైతే కపిలబానలు. వీటికి కూలి లేదు. ఏడాదికోసారి కళ్లంలో మేర. చీపురుతో ఊడ్చి పోసిన గింజలు కూడా మేరలో కలిపేవారు. తాత చేతులకి తంగేడు రంగు పట్టేసి చచ్చేదాకా వదల్లేదు. ఆ వాసన గురించి నన్ను బళ్లో అన్న మాటలు పిల్లలకి చెప్పలేదు, ఇక్కడా చెప్పను. మనోళ్ల పుస్తకాల్లో అది చాలామంది రాశారు.

నేను చెప్పదలుచుకున్నది కొలిమితిత్తి సంగతి. ఐదువందలమంది కమ్మర్లు. ఇద్దరికో కొలిమి అనుకున్నా రెండువందల యాభై కొలుములు. ప్రతి కొలిమికీ తిత్తి ఉండాలి. తిత్తి తోలుది. తిత్తి ఊదకపోతే బొగ్గు రాజుకోదు, ఇనుము ఎర్రబడదు. రాయి కొట్టే ఉలి పొద్దున పదునుగా ఉంటే సాయంత్రానికి మొద్దుబారుతుంది. పలుగూ అంతే. రాత్రి కొలిమిలో పెట్టి సాగగొట్టి పదును పెడితే తప్ప మర్నాడు కొండ పగలదు. కొండ పగలకపోతే పట్టాల మీద బండి కదలదు, పడవ కదలదు, ఆనకట్ట లేవదు. ఆ తిత్తి రోజూ నిప్పు పక్కనుండేది. ఎండిపోతుంది, పగులుతుంది, కుట్టు విడిపోతుంది. మళ్లీ తోలు కావాలి. మళ్లీ కుట్టేవాడు కావాలి. ఇంతమంది కమ్మర్లుండే చోట మాదిగవాడు లేకుండా పొద్దు గడవదు. ఏ లెక్కలో ఏ పేరుతో రాశారన్నది వేరే మాట. 'కూలి' అని రాసుంటారు.

యంత్రాల సంగతీ ఇంతే. ధవళేశ్వరంలో పి.డబ్ల్యు.డి. వర్క్‌షాపు ఉండేది. ఆ శతాబ్దంలో ఆవిరితో నడిచే వర్క్‌షాపు అంటే పైన దూలం పొడవునా ఒక ఇరుసు తిరుగుతుండేది, దానిమీద చక్రాలు, ఆ చక్రాల నుంచి కింద ఉన్న ఒక్కో యంత్రానికీ ఒక్కో పట్టా. ఆవిరియంత్రం బలం లేతుకీ డ్రిల్లింగు మిషనుకీ అందాలంటే ఆ పట్టాలోంచే రావాలి. ఆ పట్టా తోలుపట్టా. రబ్బరువి తర్వాతెప్పుడో వచ్చాయి. పట్టా సీమ నుంచి ఓడలో వచ్చిందని ఎవరైనా అనొచ్చు. సీమకి తోలెక్కణ్ణించి వెళ్లింది? ఆ శతాబ్దం రెండో సగంలో మద్రాసు రాష్ట్రం నుంచి సగం ఊనిన తోళ్లు లండన్‌కి ఓడలకి ఓడలు వెళ్లేవి. 'ఈస్టిండియా కిప్స్' అని అక్కడి బజార్లో దానికో పేరు. మనూళ్ల గొడ్డు, మనూళ్ల తంగేడు, మనూళ్ల లందగుంట. పేరు మాత్రం ఈస్టిండియా.

ఇదంతా మ్యూజియంలో నిలబడి పిల్లలకి చెప్పాను. మనవడికి ఆవిరియంత్రం దాకా నచ్చింది, తర్వాత బయటికెళ్లి కాటన్ బొమ్మ ముందు ఫొటో తీయించుకున్నాడు. తమ్ముడి మనవడు నా చెయ్యి పట్టుకుని, "అంటే పెదతాతా, మనోళ్లు లేకపోతే ఆనకట్ట లేదా?" అన్నాడు. మాలలు లేకపోయినా లేదు, వడ్డెరలు లేకపోయినా లేదు, ఉప్పర్లు లేకపోయినా లేదు, వీరన్న గారు లేకపోయినా లేదేమోరా అన్నాను. వాడికి ఆ జవాబు రుచించలేదు. మనోళ్లొక్కళ్లే చాలనిపించుకోవాలని వాడి ఆశ. తొమ్మిదేళ్ల పిల్లాడికి ఉండొచ్చు. పెద్దవాళ్లకి ఉంటే మాత్రం బాగోదు.

చెప్పవలసింది ఇంకోటుంది. ఆనకట్ట పనిలో కూలీల మధ్యకి పాదిరీలొచ్చారు. బౌడెన్, బీర్ అనే ఇద్దరు 1836లో భార్యలతో సహా ఈ దేశానికొచ్చి నరసాపురం వైపు చేరారు. చేతిపని చేసుకుని బతికిన కుటుంబాలవాళ్లు, దొరల్లో దొరలు కారు. ధవళేశ్వరంలో అన్ని ఊళ్ల కూలీలూ ఒకచోట దొరికారు వాళ్లకి. ఇక్కడ విన్న మాట వెంటబెట్టుకుని మాలలు ఊళ్లకి తిరిగెళ్లారు. తర్వాత పాదిరీలు కాలవల్లో పడవేసుకుని పేటలకొచ్చారు. వెనకే బడి వచ్చింది. మా పేటకి అక్షరం వచ్చింది కాలవ మీదనే. మామ్మ రెండో మాట నేను కాగితం మీద పెట్టగలుగుతున్నానంటే అందులో ఆ కాలవకీ వాటా ఉంది. కాబట్టి నాకు కాటన్ మీద కోపం లేదు. ఉందని కొందరు మిత్రులు అనుకుంటారు. ఆయన నీళ్లు తెచ్చాడు. పంచినవాళ్లు వేరే.

పంపకం ఎలా జరిగిందంటే, 1860ల్లో రైత్వారీ సెటిల్మెంటు వచ్చింది. భూమి కొలిచి, తరగతులు కట్టి, పేరు రాసి, శిస్తు వేశారు. పట్టా ఎవరి పేర ఉంటే నీటితీరువ వాళ్లు కట్టాలి, నీళ్లు వాళ్ల చేలోకి పోతాయి. తవ్వినవాడి పేర పట్టా లేదు. నిన్నటిదాకా పుల్ల మొలవని నేలకి నీళ్లు తగిలేసరికి బంగారమైంది. రెండు తరాల్లో మట్టిగోడల ఇళ్లు మేడలయ్యాయి. బియ్యం, బెల్లం పడవల మీద కాకినాడకి పోయాయి. ఆ ఇళ్లలోంచి ప్లీడర్లొచ్చారు, డాక్టర్లొచ్చారు, నాయకులొచ్చారు, సినిమాలు తీసినవాళ్లొచ్చారు. మాకు ఊడ్పుల పని పెరిగింది. కోతల పని పెరిగింది. వేసవిలో కాలవలు కట్టేశాక పూడిక తీసే పని ఏటా దొరికింది. ఆకలి తగ్గిందా అంటే తగ్గింది. అది చిన్నమాట కాదు, డొక్కల కరువు విన్నవాడెవడూ దాన్ని చిన్నమాట అనడు. అంతకుమించి ఏమీ మారలేదు.

మా ఊళ్లో కాలవకి ఐదు రేవులుండేవి. కాలవ పడమట నుంచి తూర్పుకి పారుతుంది. పడమట మొదటిది కరణంగారి రేవు. తర్వాత పెద్దిళ్లవారిది. తర్వాత చాకిరేవు. దాని కింద మాలల రేవు. చిట్టచివర మాది. పైన నలుగురు కడుక్కున్నాక మా బిందెలోకి వచ్చేది. మాలలకీ మాకూ మధ్య కూడా రెండు తాటిచెట్ల దూరం ఉండేది, ఆ దూరం ఎవరు పెట్టారని నేను కుర్రాడిగా ఉన్నప్పుడు మాలకుర్రాళ్లతో పోట్లాడాను. వాళ్లూ చెప్పలేకపోయారు. ఇప్పుడు కుళాయిలొచ్చాయి కాబట్టి రేవుల గొడవ లేదు. గుర్రపుడెక్క పట్టి ఐదు రేవులూ ఒకేలా ఉన్నాయి.

మా అయ్య ఒక కామందు దగ్గర పాలేరు. మాది శివారు ఊరు, కాలవ చివర. నీళ్లు ఎగువన తాగగా మిగిలినవి రావాలి. వంతులు పెట్టుకునేవారు. రాత్రి వంతుకి కామందు రాడు, పాలేరు వెళ్లి తూము దగ్గర కావలి పడుకోవాలి. అవతలి కామందు పాలేరూ పడుకుంటాడు. ఒక రాత్రి పలక ఎవరెత్తారని తగూ వచ్చి అవతలి పాలేరు పారతో కొడితే మా అయ్య తల పగిలింది. ఇద్దరూ పేటవాళ్లే, వరసకి బావలు. పొద్దున్నకి కామందులిద్దరూ అరుగు మీద కూచుని రాజీపడ్డారు, తర్వాత వియ్యం కూడా అందుకున్నారు. అయ్యకి కట్టుగుడ్డ మా అమ్మ కట్టింది. పనికెళ్లని పదకొండు రోజుల జీతం కామందు తెగ్గోశాడు. నుదుటి మీంచి చెవి దాకా ఆ మచ్చ చివరిదాకా ఉండేది. మేం చిన్నప్పుడు దానిమీద వేలు పెట్టి, "ఇది ఏ కాలవ అయ్యా?" అని ఆడేవాళ్లం. ఆయన నవ్వేవాడు.

నీళ్లు తగిలిన పొగరు మా జిల్లాకే పరిమితం కాదు. కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు మాదిగల్ని చంపారు. గొడవ మొదలైంది తాగే చెరువు దగ్గర. గేదెలు కడిగిన కుడితినీళ్లు మేం తాగే నీళ్లలో కలుపుతారేమని ఒక మాదిగ స్త్రీ అడిగింది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపి కొందరిని గోనెసంచుల్లో కట్టి కాలవలో పడేశారు. మ్యూజియంలో డెల్టా కాలవలు చూస్తుంటే నాకు ఆ సంచులు గుర్తొచ్చాయి. మగపిల్లలిద్దరికీ చెప్పలేదు. మనవరాలికి వచ్చేటప్పుడు బస్సులో చెప్పాను. పన్నెండేళ్లది, అడిగింది కాబట్టి చెప్పాను. వాళ్లమ్మ ఫోన్లో నన్ను కోప్పడింది, సెలవులకి వచ్చిన పిల్లకి ఇవా చెప్పేవి నాన్నా అని. వాళ్లమ్మకి కూడా నేను ఆ వయసులోనే చెప్పాను. మర్చిపోయినట్టుంది.

రాజమండ్రిలో ఆగినప్పుడు కుసుమ ధర్మన్న కవిగారి మాట చెప్పాను. ఆయనది రాజమండ్రే. స్వాతంత్య్రోద్యమంలో తెల్లదొరతనం మాకొద్దని గరిమెళ్ల పాట ఊరూరా మోగుతున్న రోజుల్లో, ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' అని రాశాడు. ఆయన వైద్యం తెలిసినవాడు, పత్రిక నడిపినవాడు. గోదావరి గట్టునుండి దొరలు రెండు రంగులవాళ్లని చూసి రాశాడు. మనవరాలు ఆయన పేరు కూడా నోటుపుస్తకంలో రాసుకుంది. మ్యూజియం ప్రాజెక్టులో ఆయనెందుకొస్తాడని టీచరు అడుగుతుందేమో అంది. అడగనీ, చెబుదువుగాని అన్నాను.

అంతకుముందు, మ్యూజియం చూశాక బ్యారేజీ మీదికి వెళ్లాం. కాటన్ కట్టింది ఇప్పుడు వాడుకలో లేదు. దాని బదులు 1970లో మొదలుపెట్టి 1982 నాటికి ఈ బ్యారేజీ కట్టారు, ఆయన పేరే పెట్టారు. మొత్తం 175 గేట్లు. ధవళేశ్వరం వైపు 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. పిల్లలు లెక్కపెడతామని బయల్దేరి ముప్ఫై దాటాక వదిలేశారు. కట్టిన కాంట్రాక్టు కూలీల పేర్లు దీనికీ లేవు. ఇది నా కళ్లముందు కట్టిందే. మా పేట నుంచి నలుగురైదుగురు కాంక్రీటు పనికెళ్లారు. వాళ్లలో ఒకాయన ఇప్పటికీ ఉన్నాడు, ఎనభై దాటాయి. సిమెంటుకి వేళ్లు ఒరుసుకుపోయి గోళ్లు సరిగా పెరగవు. సంక్రాంతి ముగ్గులు చూస్తూ అరుగుమీద కూచునుంటాడు. ఆయన్ని చూపిస్తే మనవరాలు ఎన్నో గేటు మీరు కట్టింది అని అడిగింది. "ఎన్నోదేంటమ్మా, ఎక్కడ మోయమంటే అక్కడ మోసేను, ఆయ్" అన్నాడు. ఆ మాట అలాగే రాసుకుంది, 'ఆయ్'తో సహా.

బ్యారేజీ మీద నిలబడి మనకీ పొలముందా తాతయ్యా అని మనవడు అడిగాడు. మాకు లంకలో సొసైటీ కింద అర ఎకరం ఉండేది. తాతకి వచ్చింది, అయ్య పొగాకు వేశాడు, మేం కూరగాయలు వేశాం. గోదావరి ఏడాదికింత కోసుకుపోయింది. కాగితం మా బీరువాలో ఉంది, నేల మీద నీళ్లు పారుతున్నాయి. శిస్తు రసీదులు కూడా పోగొట్టుకోలేదు. ఇంటికెళ్లాక చూపిస్తానన్నాను.

చూపించాను. కాగితాలు చూసి మనవడు నిద్రపోయాడు. మనవరాలు మాత్రం, "మీ తాతగారి తిత్తి ఏమైనా ఉందా?" అని అడిగింది. తిత్తి లేదు, డప్పు లేదు, తాత చెప్పులూ లేవు. ఎలకలు కొట్టినవి కొన్ని, 1986 వరదకి పోయినవి కొన్ని. ఆలోచిస్తుంటే మా తమ్ముడు లోపల్నుంచి రంపె తెచ్చాడు. తోలు కోసే రంపె. చింతకర్ర పిడి తాత పెట్టుకున్నదే, బొటనవేలు ఆనేచోట గుంట పడి ఉంది. ఇనుము సగం అరిగిపోయింది, పదును మాత్రం ఉంది. మనవరాలు తన బొటనవేలు ఆ గుంటలో పెట్టి చూసింది. చాలా పెద్దగా ఉంది.

నోటుపుస్తకంలో దాని బొమ్మ గీయడం మొదలుపెట్టింది. పొడవు స్కేలుతో కొలిచింది. తాతపేరు అడిగితే ఇంటిపేరుతో సహా చెప్పాను. కామందు పద్దుపుస్తకంలో చివర 'గాడు' అని ఉండేది, అది ఎందుకుండేదో కూడా చెప్పాను. ఇంతలో మా మరదలు గుమ్మంలోకొచ్చి, "బొమ్మ గీసుకోడం అయ్యాక ఇటిచ్చెయ్యండి బావగారూ, రేపు కొబ్బరాకు ఈనెలు చీరుకోవాలి" అంది.